ఏ మందమ్మా?

ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే నాకు చిరాకేస్తుంది. తాగుడు మాన్పించే కేంద్రంలో, తాగేవాళ్ళ ఇంటివాళ్ళతో మాట్లాడే కౌన్సిలర్‌నని చెప్పగానే, దాని వెనక ఏదో పెద్ద కథ ఉండి తీరాలన్నట్టు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. నిజం చెబితే వాళ్ళ మొహాలు చప్పబడిపోతాయి. మేముండే కంచరపాలెం నుంచి మద్దిలపాలెం దాకా ఒకటే బస్సు, మధ్యలో మారే పని లేదు. అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కూర్చుని "రేపు మీకు అపాయింట్‌మెంటు ఉందండి" అని ఫోన్లు చేసేదాన్ని. ఇక్కడ జీతం కాస్త ఎక్కువన్నారు. వచ్చాను. అంతే.

ఇంటర్వ్యూలో మా పెద్ద డాక్టరుగారు అడిగింది ఒకటే ప్రశ్న. "మీ ఇంట్లో ఎవరైనా తాగేవారా అమ్మా?"

"లేదండి" అన్నాను.

ఆ అబద్ధం ఎందుకు ఆడానో ఇప్పటికీ తెలీదు. అవునంటే ఉద్యోగం తొందరగా వచ్చేదని తరవాత తెలిసింది. మా దగ్గర పనిచేసేవాళ్ళలో సగం మంది ఒకప్పుడు తాగినవాళ్ళో, తాగినవాళ్ళ ఇంట్లో పెరిగినవాళ్ళో. నేను రెండో రకం. అయినా పదేళ్ళు దాటేదాకా ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న పోర్టులో వించి నడిపేవారు, ఓడల్లోంచి సరుకు దించే పని. గోదావరి జిల్లా నుంచి ఆ ఉద్యోగం కోసమే వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. తాగని రోజున ఆయనంటే ఇంట్లో అందరికీ హడల్. కంచం చప్పుడైనా కసురుకునేవారు. నన్ను పేరు పెట్టి కూడా పిలిచేవారు కాదు, "ఏయ్, ఇలా రా" అనేవారు. తాగిన రోజున మాత్రం చెప్పులు గుమ్మం పక్కన బుద్ధిగా విప్పి, ఎనిమిదేళ్ళ నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మగారూ, మీరు భోంచేశారా?" అని అడిగేవారు. నన్ను 'మీరు' అన్న మొదటి మనిషి మా నాన్నే. నేను పెద్ద అధికారిణిలా తల ఊపి, "ఆఁ, చేశాం" అనేదాన్ని. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆయన తాగొచ్చే రోజు కోసం ఎదురుచూసేదాన్ని.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటంటే, తాగుడు మంచివాణ్ణి మింగేస్తుందని నాలాంటి పిల్లలకీ వాళ్ళ తల్లులకీ చెప్పడం. చెబుతాను. వాళ్ళు ఏడుస్తూ తలలూపుతారు. లోపల మాత్రం ఎవరో చేతులు కట్టుకుని నిలబడి, మీరు భోంచేశారా అంటుంటారు.

ఇక మా అమ్మ. నాన్న కోసం పోర్టు నుంచి ఎవరైనా వస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ఆయన మందు వేసుకుని పడుకున్నారండి" అనేది. వచ్చినవాళ్ళు "అయ్యో, జ్వరమా?" అనేవారు. "కాస్త నలతగా ఉంది" అనేది అమ్మ. అబద్ధం ఒక్కటి కూడా ఆడేది కాదు. ఆ ఒక్క మాటలో సీసా ఉంది, బిళ్ళా ఉంది. వినేవాళ్ళు ఏది కావాలంటే అది తీసుకునేవారు. మా ఇల్లు పదిహేనేళ్ళు ఆ మాట చాటునే బతికింది. నాన్న చివరికి కాలేయం చెడి పోయారు. అప్పుడు మంచం పక్కన నిజంగానే మందులుండేవి, అమ్మ ఆ మాటే అనేది, ఎవరూ నమ్మేవారు కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాటతో పెరిగిన నేనే ఆ మాట దగ్గర బోర్లా పడ్డాను కాబట్టి.

మా కేంద్రం ఒక బట్టల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంటుంది. కింద బస్సుల మోత, పైన మా మోత. రోగి డిశ్చార్జి అయ్యాక ఇంటివాళ్ళు వారానికోసారి నాకు ఫోను చేసి ఎలా ఉన్నాడో చెప్పాలి. నాకొక పాడు అలవాటుంది. ఎదుటివాళ్ళు సగం మాట అనేసరికి మిగతా సగం నేనే అనేస్తాను. వరండాలో జనం కూర్చుని ఉంటే మరీను. దాన్ని చురుకుదనం అనుకునేదాన్ని. మా అమ్మైతే, "నీకు నోరు సరే, చెవులకి కూడా తొందరే" అంటుంది.

ఆ వేసవిలో మా దగ్గర ఒకతను పద్దెనిమిది రోజులుండి వెళ్ళాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద, క్రేను ఎత్తే బరువులకి గొలుసులు తగిలించే పని. చేరిన రెండో రోజే ఫిట్సు వచ్చి మంచం మీంచి పడబోయాడు. ఒక్కసారిగా తాగుడు ఆపితే కొందరికి అలా వస్తుంది. అందుకని డాక్టరుగారు బిళ్ళలు రాసి, వాటిని మెల్లమెల్లగా తగ్గించాలే తప్ప ఉన్నట్టుండి ఆపకూడదని మరీమరీ చెప్పారు. బిళ్ళల పొట్లం అతని భార్య చేతిలోనే పెట్టాం.

ఆవిడది తగరపువలస దగ్గర పల్లె. పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల గోడౌనులో కుళ్ళినవీ మొలకెత్తినవీ ఏరే పని చేస్తుంది. ఆవిడ వస్తే నా గదంతా ఉల్లి వాసన. తక్కువ మాట్లాడుతుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అలాంటివాళ్ళంటే మాకు ప్రాణం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇష్టం మీదే నాకు అనుమానం. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళకి మనం ఏం చెబుతున్నామో చూసుకోవాలి కదా.

ఇంటికెళ్ళిన రెండో వారం ఆవిడ ఫోను చేసి, "నిన్న తాగొచ్చినాడు మేడమ్" అంది. ఒక్కసారి జారితే కొంప మునిగిపోదని ధైర్యం చెప్పాను. ఆ వారమంతా అతని గురించే నా మనసు పీకింది. తరవాతి శుక్రవారం మళ్ళీ ఫోను. వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు. కింద ఏదో బస్సు వెనక్కి తీస్తుంటే కండక్టరు విజిలు ఊదుతున్నాడు.

"మేడమ్, నానండి. మా ఆయన మందు మానీసినాడండి."

"అబ్బ, ఎంత చల్లటి మాట చెప్పావమ్మా!" అన్నాను.

"అది కాదు మేడమ్, నానెంత సెప్పినా..."

"నువ్వేం చెప్పకు. తనంతట తను మానాడు కదా, అదే గొప్ప. బలవంతం పెట్టకు. అసలు దాని ఊసే ఎత్తకు."

"ఊసెత్తొద్దా మేడమ్?"

"ఎత్తొద్దు. ఎత్తావంటే పంతానికి పోతారు మగవాళ్ళు."

"సరే మేడమ్. మీరే సెప్తే ఇంకేటి" అంది. రిజిస్టరులో అతని పేరు పక్కన 'మానాడు' అని రాశాను. ఎర్ర పెన్నుతో కింద గీత కూడా గీశాను. ఆ పూటంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాను.

మంగళవారం పొద్దున్న అతను గాజువాకలో బస్సు కోసం నిలబడి ఫిట్సు వచ్చి పడిపోయాడు. తల గట్టు రాయికి తగిలింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి, భుజం కీలు తప్పింది. ఇంకో గంట ఆగి పడుంటే గొలుసుల మధ్య పడేవాడు. ఆసుపత్రి నుంచి ఆవిడే ఫోను చేసింది.

"మీరు సెప్పినట్టే దాని ఊసెత్తలేదు మేడమ్. అయినా ఇలగైపోనాది."

"దేని ఊసు?"

"మందు ఊసు మేడమ్. బిళ్ళలు ఏసుకుంటే పని కాడ నిద్దరొస్తందని మానీసినాడు కదా. మీకు సెప్పినాను కదా."

నేను నిలబడి ఉన్నాను. కూర్చున్నాను. ఏం అన్నానో గుర్తు లేదు. అయ్యో అన్నానేమో.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. తలకి కట్టుతో అతను నిద్రలో ఉన్నాడు. మంచం పక్కన అతని తల్లి కోడల్ని దులిపేస్తోంది. "బిళ్ళలు సూసుకోడానికి కూడా సేతకాదేటే నీకు? నా కొడుకుని సంపీద్దామనుకున్నావేటి?" కోడలు తలొంచుకుని నిలబడింది. నన్ను చూసి రెండడుగులు ముందుకొచ్చి, "తప్పైపోనాది మేడమ్, నాను సరిగ్గా సెప్పలేకపోనాను" అంది.

తప్పు నీది కాదు, నాది అనాలి. నోట్లోకి వచ్చింది కూడా. ఎదుటివాళ్ళ మాటలన్నీ పూర్తి చేసే నా నోరు నా మాట ఒక్కటి పూర్తి చేయలేకపోయింది. "ముందు అతన్ని కోలుకోనివ్వండి" అని ఎవరికీ అక్కర్లేని మాట ఒకటి అని, రెండు కొబ్బరి బొండాలు అక్కడ పెట్టి వచ్చేశాను. బస్సులో నా మీద నాకు అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి అమ్మని అడిగాను. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. "అమ్మా, నాన్న మందు వేసుకుని పడుకున్నారని చెప్పేదానివి కదా. అలా అంటున్నప్పుడు నీ మనసులో ఏ మందు ఉండేది?"

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "మొదట్లో తెలిసేది. తరవాత నాకూ తెలిసేది కాదే. అలా అనీ అనీ, నిజంగానే ఒంట్లో బాగోక పడుకున్నారనిపించేది" అంది.

నాకు మతి పోయింది. తాగుడు చెడ్డ బుద్ధి కాదు, జబ్బు అని మా డాక్టరుగారు ప్రతి శనివారం కుటుంబాలకి చెప్పే పాఠం అదే. మరి అమ్మ అబద్ధం చెప్పినట్టా, అందరికంటే ముందు నిజం చెప్పినట్టా? ఆ మాట మమ్మల్ని కాపాడిందా, నాన్నని ఆసుపత్రికి వెళ్ళనీయకుండా ఆపేసిందా? ఎటు తిప్పి చూసినా ఎటూ తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు రాజీనామా రాసి డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. మా నాన్న సంగతి, ఇంటర్వ్యూలో ఆడిన అబద్ధం, అమ్మ మాట, అన్నీ ఒక్క ఊపున చెప్పేశాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్న కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివి, "దీని మీద తేదీ వేయలేదమ్మా" అన్నారు.

నిజమే, వేయలేదు.

"తేదీ వేసి ఇవ్వండి. అంతకన్నా ముందు ఆవిడకి చెప్పి రండి. నాకు చెబితే ఏం లాభం?" అన్నారు. కోప్పడ్డారో, ఓదార్చారో తెలియలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

చెప్పడానికి పది రోజులు పట్టింది. రోజూ రేపనుకున్నాను. అతను ఇంటికి వెళ్ళాడని, బిళ్ళలు మళ్ళీ మొదలుపెట్టాడని తెలిశాక ఒకరోజు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. గోడౌనులో గోనెపట్టా మీద నలుగురు ఆడవాళ్ళు గుట్ట చుట్టూ కూర్చుని ఏరుతున్నారు. నన్ను చూసి ఆవిడ కంగారుగా లేచింది.

"ఏటి మేడమ్, ఏటైనాది?"

"ఏమీ కాలేదు. నీకో మాట చెప్పాలి. ఆ రోజు నువ్వు మందు మానేశాడన్నావు. నేను తాగుడు మానేశాడనుకున్నాను. ఊసెత్తొద్దన్నది తాగుడు గురించి. నువ్వు సరిగ్గానే చెప్పావు, నేనే నిన్ను చెప్పనివ్వలేదు. తప్పు నాది."

మిగతా ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

"అంటే నాను ఫోన్ సేసింది సరైందేనా?"

"సరైందే."

"నా తప్పేటీ నేదా?"

"లేదమ్మా."

అప్పుడు ఏడ్చింది. ఆసుపత్రిలో తిట్లు పడుతున్నప్పుడు కూడా ఏడవని మనిషి, ఉల్లిపాయల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. "పది దినాలు మేడమ్! మా అత్త నన్ను పొగులూ రేత్రీ తిట్టింది. నన్ను నానే తిట్టుకున్నాను. మొగుణ్ణి సంపీబోనానని కూడు తిన్లేకపోనాను. మీకు ఆ దినమే తెలుసు. తెలిసి నోరిప్పనేదు. సదువుకున్నోళ్ళు ఇలగే సేత్తారేటి?"

అలాగే నిలబడ్డాను. వెళ్ళమంటుందేమో, ఇంకో నాలుగు తిడుతుందేమో అనుకున్నాను. ముక్కు చీదుకుని కొంగుతో తుడుచుకుని, పక్కకి జరిగి పట్టా మీద చోటు చూపించింది.

"కూకోండి. నిలబడి ఏటి సేత్తారు? ఏరండి."

కూర్చున్నాను. గట్టివి ఇటు, మెత్తవి అటు. మొలకొచ్చినవి వేరే బుట్టలో. నాకు తేడా తెలియక మంచివి కూడా పారేస్తుంటే ఆవిడ ఏమీ అనకుండా వాటిని తీసి మళ్ళీ గుట్టలో వేసేది. "పైకి సూడకండి, నొక్కి సూడండి" అని ఒకసారి నేర్పింది. మధ్యాహ్నం దాకా ఏరాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి. అందులో ఎంత ఉల్లిదో ఎంత నాదో చెప్పలేను. సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళి, అత్తగారి ముందు కూడా అదే మాట చెప్పాను. ఆ ముసలావిడ నన్ను కూడా దులిపేసింది. అప్పటికి కాస్త ఊపిరాడింది.

ఆ తరవాత మా కేంద్రంలో ఒక పద్ధతి వచ్చింది. మందు అనే మాట ఎవరూ అనకూడదు. బిళ్ళ అనాలి, లేదా తాగుడు అనాలి. శనివారం సమావేశాల్లో ఎవరైనా మరిచిపోయి ఆ మాట అంటే, గదిలో అందరూ ఒక్క గొంతుతో "ఏ మందు?" అని అరుస్తారు. నవ్వులే నవ్వులు. మా డాక్టరుగారే అందరికంటే ఎక్కువసార్లు దొరికిపోతారు. ఆ నవ్వుల్లో నేనూ నవ్వుతాను గానీ, లోపల ఎక్కడో చివుక్కుమంటుంది.

నేను మారానా అంటే అదీ చెప్పలేను. ఇప్పుడు ఫోను ఎత్తితే అవతలివాళ్ళు ఆపేదాకా నోరు మూసుకుంటాను. దాంతో రోజుకి సగం ఫోన్లే అవుతున్నాయి. వరండాలో జనం విసుక్కుంటున్నారు. ఎక్కువమందిని సగం వినడం మేలో, తక్కువమందిని పూర్తిగా వినడం మేలో నాకు తెలియదు. రాజీనామా కాగితం సంచిలోనే ఉంది. బస్సులో చిల్లర కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా వేళ్ళకి తగులుతుంది. ఇవాళ తేదీ వేద్దామా అనుకుంటాను. మద్దిలపాలెం వచ్చేస్తుంది, దిగిపోతాను.

అతను ఆరు నెలలు నిలబడ్డాడు. గొలుసుల పని మానిపించి స్టోర్సులో సామాను లెక్క చూసే పని ఇచ్చారట. ప్రతి శుక్రవారం ఫోను. "తాగలేదు మేడమ్. బిళ్ళేసుకున్నాడు మేడమ్." పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. నేను ఎర్ర పెన్ను ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం, శుక్రవారం కాని రోజున, ఆవిడ ఫోను వచ్చింది. అమ్మా నేనూ అన్నాలకి కూర్చోబోతున్నాం.

"మేడమ్, ఆయన మందు ఏసుకున్నాడు."

తాగాడనే అనుకున్నాను. అయినా అడిగాను. "ఏ మందమ్మా?"

అటు నుంచి మాట లేదు. ఇదివరకటి నేనైతే ఆ ఖాళీలో పది మాటలు కుక్కేదాన్ని. ఆగాను. అమ్మ గరిటె పట్టుకుని నా వంక చూస్తోంది.

"రెండూ మేడమ్" అంది.

"రెండూనా?"

"తమ్ముడు వరసోడి ఇంటికెళ్ళి తాగొచ్చినాడు. వొచ్చి, గూట్లోంచి పొట్లం తీసి, మరిసిపోకుండా బిళ్ళేసుకున్నాడు. ఏసుకుని, ఇదిగో, బిళ్ళేసుకున్నానని నాకు సూపించినాడు మేడమ్." నవ్వుతోందో ఏడుస్తోందో గొంతుని బట్టి తెలియలేదు. నాక్కూడా నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"లేపితే పలుకుతున్నాడా? ఊపిరి సరిగ్గా ఉందా?"

"పలుకుతన్నాడు. టీ అడిగినాడు."

"పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఇంకో బిళ్ళ వేసుకోనివ్వకు. నిద్ర మరీ ముంచుకొచ్చి పలక్కపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. నేను ఇప్పుడే డాక్టరుగారికి ఫోను చేస్తాను."

"అలగే మేడమ్. దీన్ని మంచిదనాలా మేడమ్, సెడ్డదనాలా?"

ఇన్నేళ్ళ ఉద్యోగం, అన్ని శనివారాల పాఠాలు, ఏవీ సాయం రాలేదు. "నాకు తెలీదమ్మా" అన్నాను.

"మీకూ తెలీదా?"

"తెలీదు. రేపు పొద్దున్నే అతన్ని తీసుకుని రా. ముగ్గురం కూర్చుని చూద్దాం."

"తీసుకొస్తాను గానీ..." అని ఆగిపోయింది. నేను పూర్తి చేయలేదు. కాసేపటికి ఆవిడే అంది.

"రేపు మీరుంటారా?"

"ఉంటాను" అన్నాను.